సంకీర్ణంలో సభాపతి: బాలయోగి స్మారకోపన్యాసం

గచ్చిబౌలి స్టేడియం తెలియనివారు నిజాంపేటలో ఉండరు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన ఆ స్టేడియానికి పెట్టిన పేరు గంటి మోహనచంద్ర బాలయోగిది. దాని ముందు నుంచే రోజూ ఆఫీసులకు వెళ్లే కుర్రవాళ్లలో ఆయనెవరో చెప్పగలిగేవాళ్లు తక్కువ. కోనసీమలో, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఎదుర్లంక ఆయన ఊరు. తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా పనిచేసి, అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లి, ఆ సభకే అధిపతి అయిన తొలి దళితుడు. ఆయన పేరున మాట్లాడమన్నారు కనుక, ఎన్నికలు ముగిశాక ఢిల్లీలో నడిచే బేరసారాల్లో తెలుగువాళ్లు ఏం అడిగారో, ఏం తెచ్చుకున్నారో చెప్పుకుందాం.

1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచినా మన దగ్గర తెలుగుదేశం 30 స్థానాలు గెలిచింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది. 1989లో అంతా తారుమారు. నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు ఎన్టీ రామారావే, కానీ ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కే వేళకు ఆయన పార్టీకి లోక్‌సభలో దక్కినవి రెండే స్థానాలు. అయినా వీపీ సింగ్ మంత్రివర్గంలో పి. ఉపేంద్రకు చోటు దొరికింది.

1996లో కాంగ్రెస్ ఓడింది. వాజ్‌పేయి ప్రభుత్వం 13 రోజులకే దిగిపోయింది. యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్‌గా చంద్రబాబు నాయుడు ముందుకు వచ్చారు. ఆంధ్రా భవన్‌లో సమావేశాల మీద సమావేశాలు. దేవెగౌడ ప్రధాని అయ్యారు, శ్రీకాకుళం ఎంపీ ఎర్రన్నాయుడు కేంద్ర మంత్రి అయ్యారు. అప్పుడు తెలుగుదేశం చేతిలో ఉన్నవి 16 స్థానాలు. ఆ అంకె మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1998 ఫలితాల్లో బీజేపీకి 182 వచ్చాయి, మెజారిటీకి చాలా దూరం. ఫ్రంట్ కన్వీనర్‌గా ఉన్న చంద్రబాబు 12 మంది ఎంపీలతో అటు మొగ్గారు. మంత్రి పదవులు తీసుకోలేదు, బయటి నుంచే మద్దతు అన్నారు. మార్చి 24న తెలుగుదేశం ఎంపీ బాలయోగి స్పీకరయ్యారు. నాలుగు రోజుల తర్వాత వాజ్‌పేయి 274–261తో విశ్వాసం గెలిచారు. మంత్రిత్వ శాఖలను కాదని స్పీకర్ పదవిపై మొగ్గు చూపడంలో లెక్క ఉంది. అరకొర మెజారిటీ సభలో ఎవరి సభ్యత్వం పోతుందో తేల్చేది స్పీకరే. రాజ్యాంగం పదో షెడ్యూలు ఆ అధికారం ఆయన చేతిలో పెట్టింది. ఏది ద్రవ్య బిల్లో చెప్పేదీ ఆయనే. ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటూ ఆయనదే. ఇది బేరంలో వచ్చిన కుర్చీ, దాచేదేమీ లేదు. ఆ ఏడాది నవంబరులోనే వాజ్‌పేయి వచ్చి మన సైబర్ టవర్స్ ప్రారంభించి వెళ్లారు. ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య చెలిమి ఆ రోజుల్లో అంత దగ్గరగా ఉండేది.

అసలు సంగతికి వస్తాను. 1999 ఏప్రిల్‌లో జయలలిత మద్దతు ఉపసంహరించారు. బలం నిరూపించుకోమన్నారు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్. ఏప్రిల్ 17న ఓటింగ్. సభలో ఒరిస్సాకు చెందిన గిరిధర్ గమాంగ్ ఉన్నారు. ఫిబ్రవరిలోనే ఆయన ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు, ఎంపీ పదవి మాత్రం వదులుకోలేదు. శాసనసభ్యుడు కాకుండానే ఆరు నెలలు ముఖ్యమంత్రిగా ఉండే వీలు రాజ్యాంగం ఇస్తుంది కనుక సాంకేతికంగా ఆయన ఇంకా ఎంపీయే. ఓటు వేయనివ్వకూడదని పాలకపక్షం పట్టుబట్టింది. బాలయోగి ఆ ఓటును అడ్డుకోలేదు, గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా వేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270.

ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయిందన్న మాట అందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్న లెక్కను ఎవరూ చెప్పరు. గమాంగ్ ఓటు లేకపోతే 269కి 269. అప్పుడు నిర్ణాయక ఓటు బాలయోగిదే. ఆయన పార్టీ ప్రభుత్వం వైపే నిలిచింది. ఓట్లు ఎలా పడతాయో ముందుగా ఎవరికీ తెలియదు, నిజమే. కానీ ఒక్కొక్క ఓటు కోసం రెండు పక్షాలూ వెతుకులాడుతున్న రోజది. తమవాళ్లకు మేలు చేసే అవకాశం చేతికి దొరికినా ఆయన వాడుకోలేదు. సంకీర్ణ రాజకీయాల చరిత్రలో తెలుగువాడు చేసిన గొప్ప పని నా దృష్టిలో ఇదే. అదే ఏడాది ఎన్నికల్లో తెలుగుదేశం 29 స్థానాలు గెలిచి, మళ్లీ బయటి నుంచే మద్దతిచ్చింది. అక్టోబరు 22న బాలయోగిని సభ ఏకగ్రీవంగా స్పీకర్‌గా ఎన్నుకుంది. ఆ ఒక్క ఓటుతో దిగిపోయిన పక్షమూ అందులో ఉంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదం ఆయన్ని తీసుకుపోయింది.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. 2004లో ఐదుగురు ఎంపీలతో టీఆర్‌ఎస్ యూపీఏలో చేరింది. తెలంగాణ మాట కనీస ఉమ్మడి కార్యక్రమంలోకి ఎక్కింది. సంప్రదింపులు, ఏకాభిప్రాయం అనే షరతుల మధ్య ఇరుక్కున్న ఆ మాట నిజమయ్యేసరికి పదేళ్లు పట్టింది, ఎందరో బిడ్డలు ప్రాణాలు తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా మాట ఇంకోలా జరిగింది. 2014 ఫిబ్రవరిలో ప్రధాని రాజ్యసభలో నోటితో చెప్పారు, చట్టంలో మాత్రం రాయలేదు. దాని ఫలితం ఆంధ్రావాళ్లకు వేరే చెప్పాలా?

2024లో బీజేపీ 240 దగ్గర ఆగింది. తెలుగుదేశానికి మళ్లీ అవే 16. ఎర్రన్నాయుడు కుమారుడు రామ్మోహన్ నాయుడికి పౌర విమానయానం, పెమ్మసాని చంద్రశేఖర్‌కు సహాయ మంత్రి పదవి వచ్చాయి. జూలై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు ప్రకటించారు. అమలాపురం నుంచి బాలయోగి కుమారుడు హరీష్ గెలిచారు. ఈసారి స్పీకర్ స్థానం మనకు రాలేదు. నిధులను నేను తక్కువ చేయను, రాజధాని కట్టుకోవాల్సిన రాష్ట్రానికి అవి కావాలి. కానీ సభ నిష్పాక్షికంగా నడవడమూ ప్రాంతీయ పార్టీలు అడగదగ్గ కోరికే. చిన్న పార్టీని కాపాడేది చివరికి ఆ నిష్పాక్షికతే.

మీలో కొందరు మల్కాజిగిరిలోనే ఓటేస్తారు. కొందరు ఓట్లప్పుడు జేఎన్‌టీయూ దగ్గర బస్సెక్కి అమలాపురానికో గుంటూరుకో వెళ్తారు. ఎక్కడ వేసినా, ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడగండి: ఎవరికీ మెజారిటీ రాకపోతే మీ పార్టీ ఢిల్లీలో ఏం అడుగుతుంది? ఆ జవాబును పోలింగ్‌కు ముందే మేనిఫెస్టోలో రాయమనండి.