హాస్టల్ గది, ఫెలోషిప్ బిల్లు: విశ్వవిద్యాలయంలో విద్యార్థి చోటు

విశ్వవిద్యాలయాల చరిత్ర అనగానే వైస్ చాన్సలర్ల పేర్లు, భవనాలు, ఉద్యమాలు చెప్పుకుంటాం. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, నెలాఖరుకు చేతిలో ఎంత మిగిలింది అన్న సంగతులు అందులోకి రావు. విద్యార్థికి ఇది నా చోటు అనిపిస్తుందా లేదా అన్నది తేలేది మాత్రం ఆ సంగతుల దగ్గరే. ఆ చోటు కల్పించడాన్ని విశ్వవిద్యాలయం ఎప్పుడూ తన బాధ్యతగా తలకెత్తుకోలేదనీ, కులానికో, సర్కారుకో, ఎవరి మంచితనానికో వదిలేసిందనీ నా వాదన.

1918లో హైదరాబాదులో రెండు సంస్థలు పుట్టాయి: ఉస్మానియా విశ్వవిద్యాలయం, రెడ్డి హాస్టల్. ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం ఆ రోజుల్లో పెద్ద సాహసమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఇంట్లో తెలుగు, కన్నడం, మరాఠీ మాట్లాడే పిల్లలకు అదీ నేర్చుకోవాల్సిన భాషే. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు నగరంలో తలదాచుకునే చోటు చూపింది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో వెలసిన రెడ్డి హాస్టల్. దాని బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి అక్కడి గ్రంథాలయాన్ని శ్రద్ధగా పెంచారు. అన్నం, మంచం, తెలుగు పుస్తకం ఒకే కప్పు కింద దొరికాయి. అది చూసి మరికొన్ని కులాలూ హాస్టళ్లు కట్టుకున్నాయి. భూమి, వ్యాపారం, పలుకుబడి ఉన్నవాళ్లు కట్టుకోగలిగారు. అవేవీ లేనివాళ్లు ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

1938లో ఉస్మానియా హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు, వీళ్లు వినలేదు, బహిష్కరించారు. అలా బయటపడ్డవాళ్లకు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తీసింది. వరంగల్లులో అదే ఉద్యమంలో చదువు ఆగిన పి.వి. నరసింహారావు తర్వాత నాగపూర్‌లోనే లా చదివారు. స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా దీన్ని చాలాసార్లు విన్నాం. తరగతి గదిలో ఎన్ని అసంతృప్తులున్నా, తెగేదాకా వచ్చింది మాత్రం హాస్టల్లో అన్న సంగతిని పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాతి దశాబ్దాల్లో రిజర్వేషన్లు, సంక్షేమ హాస్టళ్లు, 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ గేటును బాగానే తెరిచాయి. లోపల ఏం జరుగుతోందో కమిటీలు చెప్పాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థులు వేధింపులు పడలేక హాస్టళ్లలో కొన్ని అంతస్తులకే చేరిపోయారని థోరట్ కమిటీ 2007లో రాసింది. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒక ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి మరణాన్ని విచారించిన వినోద్ పావరాల కమిటీ, గైడ్ల కేటాయింపు వంటి విషయాల్లో నియమాలు అస్పష్టంగా ఉన్నాయనీ, ఆ అస్పష్టత తమకే చేటు చేస్తోందని విద్యార్థులు భావిస్తున్నారనీ తేల్చింది. 2012లో యూజీసీ ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని నిబంధనలు తెచ్చింది. 2016 జనవరిలో అదే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి విశ్వవిద్యాలయం బహిష్కరించిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆవరణలో వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆ నెల 17న చనిపోతూ రాసిన లేఖలో తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేల రూపాయలు, రావాల్సి ఉందని పేర్కొన్నారు. ఆయన కులమేదో తేల్చడానికి కమిషన్లు, పోలీసులు ఏళ్లు ఖర్చుపెట్టారు. ఆ డబ్బు ఎందుకు ఆగిందన్న చర్చ అందులో పదోవంతైనా జరగలేదు.

ఫెలోషిప్ ఎలా ఆగుతుందో చూడండి. యూజీసీ ఫెలోషిప్ పొందే విద్యార్థి పరిశోధన కొనసాగిస్తున్నట్టు గైడు, శాఖాధిపతి సంతకాలు కావాలి. ఆ తర్వాత విశ్వవిద్యాలయ కార్యాలయంలో మేకర్ అనే ఉద్యోగి నెలనెలా ఆ వివరాన్ని బ్యాంకు పోర్టల్లో ఎక్కించాలి, చెకర్ అనే మరో ఉద్యోగి ఆమోదించాలి. గైడు ఊళ్లో లేకపోయినా, మేకర్ సెలవు పెట్టినా ఆ నెల గడువు దాటిపోవచ్చు. ఎవరూ దురుద్దేశంతో చేయకపోయినా మెస్ బిల్లు మాత్రం ఆగదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవాడికి అది చికాకు. ఇంటికే డబ్బు పంపాల్సినవాడికి అది అప్పు.

విశ్వవిద్యాలయం అనాథాశ్రమమా, పెద్దవాళ్లను పసిపిల్లల్లా సాకాలా అని కొందరంటారు. జీతం నెల ఆలస్యమైతే అధ్యాపకులు ధర్నాకు దిగుతారు, దాన్నెవరూ గారాబం అనరు. కౌన్సెలర్లను పెడుతున్నాం కదా అనేది ఇంకాస్త బరువైన అభ్యంతరం. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. ఉండాల్సిందే. కానీ గైడు దొరకని విద్యార్థికి కౌన్సెలర్ ధైర్యం చెప్పగలడు, గైడును ఇవ్వలేడు. ఇక నిబంధనలున్నాయి కదా అనేవాళ్లకు: వివక్ష నిరోధక అధికారి కూడా విశ్వవిద్యాలయ పాలనా యంత్రాంగంలోని మనిషే, ఫిర్యాదు చాలాసార్లు ఆయన పై అధికారుల మీదే.

విశ్వవిద్యాలయాలకు నాక్ సంస్థ ఇచ్చే గ్రేడుకు చూస్తూ వచ్చిన ఏడు ప్రమాణాల్లో ఐదోది విద్యార్థులకు అందే తోడ్పాటు. అందులో స్కాలర్‌షిప్ ఎంతమందికి వచ్చిందని లెక్కించారు, ఎన్నాళ్లకు చేతికందిందని అడగలేదు. అందుకే ఫెలోషిప్ ఎన్ని రోజులు ఆలస్యమైంది, చేరిన ఎన్ని నెలలకు గైడు దొరికారు, హాస్టల్ సీటుకు ఎందరు ఎదురుచూశారు అన్న మూడు అంకెలను ప్రతి విశ్వవిద్యాలయం వార్షిక నివేదికలో శాఖలవారీగా అచ్చువేయాలి. దీనికి కొత్త సర్వేలు అక్కర్లేదు. ఆ వివరాలు ఫైనాన్స్ సెక్షన్ రిజిస్టర్లలో, శాఖల రికార్డుల్లో, హాస్టల్ అలాట్‌మెంట్ ఫైళ్లలో ఉంటాయి.