పెద్దవాళ్ళ బొమ్మలు



పదేళ్ళ పిల్ల బొమ్మతో ఆడుకుంటే ముద్దొస్తోందంటాం. అదే నలభయ్యేళ్ళావిడ తన డబ్బు పెట్టి, తన కోసం ఒక బొమ్మ కొనుక్కుంటే ఏమంటాం? "ఎవరికండీ, మనవరాలికా?" అని అడుగుతాం. "కాదండీ, నాకే" అందనుకోండి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటాం. ఆ కొంగుచాటు నవ్వు సంగతే ఈవేళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

ముందుగా ఒక పెద్దమనిషిని తలుచుకుందాం. హైదరాబాదు వెళ్ళినవాళ్ళలో సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్ళు తక్కువ. ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించినది మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు. 1912 నుంచి 1914 దాకా నిజాము దగ్గర ప్రధానిగా పనిచేసి, ఆ తర్వాత జీవితమంతా వస్తువులు సేకరించడంలోనే గడిపారు. ఆయన 1949లో పోయారు, 1951లో మ్యూజియం తెరిచారు. గంట కొట్టే గడియారం ముందు నిలబడి, మేలిముసుగు రెబెక్కా విగ్రహం చూసి వచ్చేస్తాం గాని, అక్కడ పిల్లల విభాగంలో ఆటబొమ్మలు కూడా వున్నాయి, వరసలు తీరిన సైనికుల బొమ్మలతో సహా. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఆడుకునే పిల్లల్లేరు. అయినా ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు. కళాభిమాని అన్నారు. మగవాడు కూడబెడితే కళ, ఆడది కూడబెడితే పిచ్చి అయ్యేటట్టుంది చూడండి!

అసలు మన ఆడవాళ్ళకు బొమ్మలు కొత్తా? చిన్నప్పుడు బొమ్మరిల్లు కట్టి గుజ్జనగూళ్ళు వండనివాళ్ళెవరు? గుడ్డపేలికలతో పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ చేసి, మేళాలు నోటితో వాయించి, బొమ్మల పెళ్ళి చేసినవాళ్ళమే కదా. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి, రాయలసీమలో దసరాకి కొలువు పెడతారు. మా సురంగల్ వైపు, మొయినాబాదు, చేవెళ్ళ వైపు ఊళ్ళల్లో కొలువులు అంతగా కనబడవు గాని, పిల్లలకు బొడ్డెమ్మ, పెద్దలకు బతుకమ్మ వున్నాయి. అంటే ఏటా ఏదో ఒక వంకన మన చేతులు మట్టితోనో, పూలతోనో, గుడ్డతోనో ఒక రూపం చెయ్యక మానవు. పండగ అని ఒక పేరుండాలి, లేకపోతే పిల్లలని ఒక పేరుండాలి. ఆ రెండు పేర్లూ తీసేసి, "నాకిష్టం, అందుకని" అంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోరు.

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటోంది. జీతంలో కొంచెం కొంచెం మిగిల్చి విదేశం నుంచి ఒక బొమ్మ తెప్పించుకుంది. ముందు డబ్బు కడితే తర్వాత చేసి పంపుతారట, నెలల తరబడి ఎదురుచూసింది. దాని పేరు బాల్ జాయింటెడ్ డాల్. నేను కీళ్ళబొమ్మ అంటాను. నిలబెడితే 60 సెంటీమీటర్లు, మోచెయ్యంత కన్నా పొడుగు. చంటిపిల్ల కాదు, ఎదిగిన అమ్మాయి రూపం.

దాని కిటుకు చెబుతాను వినండి. తల, మెడ, మొండెం, భుజం, మోచెయ్యి, తొడ, మోకాలు అన్నీ విడివిడి ముక్కలు. లోపల డొల్ల. ఒక ముక్క చివర గుండ్రటి గోళీ లాంటిది వుంటే, దాని పక్క ముక్కలో ఆ గోళీ కూర్చునే గుంట వుంటుంది. మేకు లేదు, తీగ లేదు. లోపల్నుంచి ఎలాస్టిక్ తాడు బిగించి లాగి కొక్కేలకు తగిలిస్తారు, అంతే. ఆ బిగువు మీదే బొమ్మ నిలబడుతుంది, కూర్చుంటుంది, చెయ్యి చెంపకు ఆనించుకుని ఆలోచనలో పడుతుంది. కొన్నేళ్ళకు తాడు వదులైతే విప్పి కొత్తది ఎక్కించుకోవాలి. కళ్ళు మార్చొచ్చు, జుట్టు మార్చొచ్చు, మొహం మీద రంగు తుడిచేసి మళ్ళీ వేసుకోవచ్చు. కనుబొమ్మ ఒక వెంట్రుకవాసి పైకి దిద్దితే అదే పిల్ల గడుసుదైపోతుంది!

ఐరోపాలో జర్మనీ, ఫ్రాన్సు బొమ్మల వాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలోనే ఇలాంటి కీళ్ళు పెట్టారు. అంతకు ముందే పారిస్ నుంచి కొత్త ఫ్యాషన్ గౌన్లు తొడిగిన బొమ్మల్ని ఇతర దేశాలకు పంపేవారట, అక్కడి పెద్దింటి ఆడవాళ్ళు చూసి కుట్టించుకోవడానికి. అవి పెద్దవాళ్ళ కోసం చేసిన బొమ్మలే. మనందరికీ తెలిసిన బార్బీ 1959లో పిల్లల కోసమే వచ్చింది. ఇప్పటి రెజిన్ కీళ్ళబొమ్మల ధోరణి మాత్రం 1999లో జపానులో వోక్స్ అనే కంపెనీ తెచ్చిన సూపర్ డాల్ఫీతో మొదలైంది. ఆ తర్వాత ఇళ్ళల్లో కూర్చుని ఒక్కొక్కటిగా స్వయంగా మలిచే కళాకారులు చాలా దేశాల్లో బయలుదేరారు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువగా కనబడతారు.

కీళ్ళ సంగతికొస్తే, మనం మాత్రం తక్కువ తిన్నామా? తోలుబొమ్మను చూడండి. మేకతోలు పల్చగా చేసి, రంగులు దిద్ది, భుజం దగ్గర, మోచెయ్యి దగ్గర ముక్కలు విడిగా కోసి దారంతో వదులుగా ముడి వేస్తారు. ఆ ముడి బిగిస్తే చెయ్యి ఆడదు, మరీ వదిలితే వేలాడిపోతుంది. ఆ మధ్యస్థం పట్టడం చేతికి రావాలి. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఊరిది అదే విద్య. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కొండపల్లి బొమ్మకు పద్ధతి వేరు. తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. ముక్కలు విడిగా చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, అప్పుడు రంగులు వేస్తారు. మా తెలంగాణాలో చేర్యాల నకాషీ వాళ్ళూ ఆ చింతగింజల బంక, రంపపు పొట్టుతోనే బొమ్మలకు రూపు తెస్తారు. జపాను వాళ్ళు ఎలాస్టిక్‌తో లాగి కడతారు, నిమ్మలకుంట వాళ్ళు దారంతో ముడి వేస్తారు, కొండపల్లి వాళ్ళు బంకతో అతుకుతారు. ముక్కల్ని మనిషిగా నిలబెట్టే తిప్పలు మాత్రం అందరివీ ఒకటే.

ఇక నా భాగస్వామ్యం చీర దగ్గర వచ్చింది. "పెద్దమ్మా, దీనికి చీర కట్టిపెట్టవూ" అని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎత్తితే ఇంచుమించు రెండు కిలోల బరువు.

కుట్టుపని వచ్చినవాళ్ళకు ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే తమాషా అంతా ఇక్కడే వుంది. బొమ్మ మనలో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. కాబట్టి మన ఐదున్నర మీటర్ల చీర దానికి 2 మీటర్లయితే సరి, పన్నా 16, 17 అంగుళాలు. లెక్క సులువే. కాని గుడ్డ మందం మూడో వంతు అవదే! మన పట్టుచీరలోంచి కోసి కట్టారనుకోండి, కుచ్చిళ్ళు అట్టల్లా నిలుచుంటాయి, నడుము దగ్గర బస్తా మూతి కట్టినట్టుంటుంది. నాలుగంగుళాల జరీ అంచు పిక్కల దాకా వస్తుంది. అందుకని వాడి వాడి మెత్తబడిన పాత మల్లుపంచె తీసుకోవాలి. గంజి పనికిరాదు. అంచుకు సన్నటి లేసు చాలు. కుచ్చిళ్ళు మూడు, మహా అయితే నాలుగు. సన్నచుక్కలు, సన్నగళ్ళు బావుంటాయి, పెద్దపువ్వు వేస్తే బొమ్మ మాయమై పువ్వే మిగులుతుంది. ముదురు రంగు గుడ్డయితే రంగు దిగడం ఆగేదాకా ఉతికి, లోపల తెల్లటి లైనింగు వెయ్యండి. లేకపోతే ఆ రంగు రెజిన్‌కు పట్టి ఓ పట్టాన వదలదు. ఎండలో పెట్టినా అది పచ్చబడుతుంది. చేతికి అతుక్కుపోయే జాకెట్టు తొడగడం ఎలాగా అని సందేహం వస్తుంది. మణికట్టు దగ్గర కొక్కెం విప్పి అరచెయ్యి తీసేస్తే జాకెట్టూ ఎక్కుతుంది, గాజులూ ఎక్కుతాయి. మనకూ అలా వీలుంటే గాజులమ్మేవాళ్ళకు ఎంత సుఖం!

మా మొయినాబాదు దర్జీ దగ్గర కట్‌పీసుల మూట అడిగి తెచ్చుకుంటాను. అందులో కాలక్షేపం, లెక్క, చూపు అన్నీ వున్నాయి. మర్నాడు చేతులు ఊరికే వుండవు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. పిల్లల్లేని ఒకావిడ బొమ్మలు పెట్టుకుంటే, "పాపం, ఒడి నిండలేదు గదా, అలా తీర్చుకుంటోంది" అని పేరంటాల్లో అనడం నేను విన్నాను. అనేవాళ్ళు జాలిగానే అంటారు. కాని ఆ జాలి ఆవిడ చేతిపనిని చూడనివ్వదు. ఆవిడ దగ్గర ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి, అంకుడు కర్రను తరిణె మీద తిప్పి చేసినవి. ఏది ఆకుల నుంచి, వేళ్ళ నుంచి తీసిన రంగో, ఏది డబ్బా రంగో ముట్టుకుని చెబుతుంది. ముగ్గురు పిల్లల తల్లికి ఆ జ్ఞానం వుంటే మెచ్చుకుంటాం. మరి ఈవిడకు వుంటే ఓదార్పెందుకు? బొమ్మను బిడ్డ అనుకునేవాళ్ళు ఒకరిద్దరుంటే వుండొచ్చు, అది వాళ్ళ మనసు, మనం తలుపు తీసి తొంగిచూడక్కర్లేదు.

ఇంకొకటి. పేరంటానికి ముత్తైదువలనే పిలుస్తారు. కొలువులో బొమ్మలు సర్దడానికి పనికొచ్చిన పెద్దావిడ, బొట్టు పెట్టే వేళకు వంటింట్లోకి వెళ్ళిపోవడం మీరు చూసే వుంటారు. తన బీరువాలో తన బొమ్మలు పెట్టుకున్నావిడ ఎవరు పిలుస్తారా అని చూడక్కర్లేదు. నాకు ఈ అలవాటులో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

డబ్బు మాట దాటెయ్యడం న్యాయం కాదు. పెద్ద కీళ్ళబొమ్మ ఒకటి మూడు, నాలుగు వందల డాలర్లకు తక్కువ దొరకడం కష్టం. పైన రవాణా, సుంకం. చీటీ పాడి, గొలుసు కుదువబెట్టి కొనేది కాదు అది. అంత ఖరీదు మాకెందుకనుకుంటే శిల్పారామం వెళ్ళండి, లేపాక్షి, గోల్కొండ దుకాణాలకు వెళ్ళండి. మన బొమ్మలు అందులో ఎన్నో వంతు ధరకు దొరుకుతాయి. ఒకేసారి పది కొనొద్దు. ఏడాదికొకటి కొన్నా చాలు, కొన్నదాని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

చవక అని నకళ్ళకు మాత్రం పోకండి. ఒక కళాకారిణి నెలల తరబడి మలిచిన బొమ్మను ఎవరో కొని, అచ్చు తీసి, వందలుగా పోసి సగం ధరకు అమ్ముతున్నారు. కొండపల్లి ఏనుగు అంబారీని అచ్చులో పోసి అమ్మినా అదే అన్యాయం. చెక్కినవాడి ఇంట్లో పొయ్యి వెలగదు.

కొన్న తర్వాత పొణికి బొమ్మను తడిగుడ్డతో తుడవకండి, పొడిగుడ్డ చాలు. తోలుబొమ్మను మడతపెట్టకండి. ప్రతి బొమ్మ అడుగునా ఒక చీటీ అంటించండి. చేసినవారి పేరు, ఊరు, కొన్న సంవత్సరం రాయండి. ధర కూడా రాయండి. రాసిపెట్టి వుంటే, ఇంట్లో ఎవరైనా "ఇదెంత?" అని అడిగినప్పుడు సగం తగ్గించి చెప్పే పని వుండదు.