కంటి శస్త్రచికిత్స: ముందుగా చెప్పవలసిన మాట

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో శుక్లమును పెద్దలు మోతిబిందు అనుట శ్రోతలకు తెలియును. "ఇంకను పండలేదు, పండినాక చూతము" అను మాట పల్లెలలో నేటికిని వినవచ్చుచున్నది. ఆ మాటకు ఒకప్పుడు అర్థముండెను. మసకబారిన కటకమును తీసివేసి, దాని స్థానమున మరేమియు పెట్టని రోజులవి. ఆపరేషను పిమ్మట సోడాబుడ్డి అద్దములు తప్పెడివి కావు. కనుక చూపు బొత్తిగా తగ్గువరకు ఆగుటయే మేలనిపించెడిది.

1949 నవంబరులో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు కంటిలోపల కృత్రిమ కటకమును అమర్చెను. యుద్ధకాలమున విమానచోదకుల కండ్లలో గ్రుచ్చుకొన్న పెర్స్‌పెక్స్ ముక్కలు కంటికి అంతగా హాని చేయకుండుటను ఆయన గమనించియుండెను. తోటి వైద్యులు చాలకాలము ఆయనను ఎదిరించిరి. నేడు అదియే సర్వసాధారణ చికిత్స. శుక్లము పండువరకు ఆగనక్కరలేదు. మిక్కిలి ముదిరినచో ఆపరేషను కష్టతరము కూడ అగును.

చికిత్సయు దూరమున లేదు. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996లో తన తొలి గ్రామీణ కేంద్రమును నాటి ఆదిలాబాదు జిల్లాలోని ముధోలులోనే నెలకొల్పినది. కరీంనగరు చెంత రేకుర్తిలో లయన్స్ కంటి ఆసుపత్రి కలదు. మా దృష్టిలో కొరవడినది రోగికిని వైద్యునికిని నడుమ ఒక్క మాట: "నా పని ఇది" అను మాట.

ఏలయన, కటకపు శక్తిని కంటి పొడవును, కనుపాప ముందరి పారదర్శకపు పొర వంపును కొలిచి నిర్ణయింతురు. సాధారణ కటకము ఒక్క దూరమునకే స్పష్టమైన చూపునిచ్చును. సేద్యగానికి దూరపు చూపు చాలును. సిరిసిల్లలో తెగిన పోగును ముడివేయువానికి, నిర్మలు బొమ్మకు రంగు దిద్దువానికి, బీడీలు చుట్టు తల్లులకు దగ్గరి చూపే కూడు పెట్టును. దూరమునకు అమర్చినచో వారికి దగ్గరి అద్దములు కావలసియుండును. రెంటికిని పనికివచ్చు మల్టీఫోకల్ కటకములు కలవు గాని, వెల హెచ్చు. కొందరికి రాత్రి దీపముల చుట్టు వలయములు కనబడును. రాత్రివేళ లారీ నడుపువారు ఇది యోచింపవలెను. చక్కెరవ్యాధిచే కంటి వెనుకతెర చెడియున్నచో కటకము మార్చినంత మాత్రమున చూపు పూర్తిగా మరలి రాదు.

ఇక యువజనుల సంగతి. పెండ్లిచూపులకు ముందే కళ్ళజోడు వదిలించుకొనవలెనని లేసిక్ కొరకు త్వరపడువారు కలరు. ఆ త్వర మాకు నచ్చదు. పదునెనిమిదేండ్లు నిండవలెను. అద్దముల నంబరు కనీసము ఒక ఏడాది మారకుండవలెను. లేజరు కిరణము ఆ పారదర్శకపు పొరనే చెక్కును గనుక, అది పలుచనైనచో ఈ చికిత్స తగదు. అట్టివారిలో కొందరికి సహజ కటకమును తీయకయే, దాని ముందు మరియొక కటకమును అమర్తురు. ఏది చేయించుకొన్నను నలుబదేండ్లు దాటిన పిమ్మట చదువుటకు అద్దములు అవసరము కావచ్చును.

లేసిక్ చేయించుకొన్నవారు మునుపటి కొలతల కాగితములను భూమి పట్టాలతోపాటు పెట్టెలో భద్రపరచుకొనవలెను. వృద్ధాప్యమున శుక్లము వచ్చినపుడు, పొర వంపు మారియున్నందున కటకపు లెక్క తప్పవచ్చును. ఆనాటి వైద్యుడు మొదట అడుగునవి ఆ కాగితములే.