పొద్దుగూకితే ఇంటికి పోతానంటారు

కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి, అంటే కోతపనుల వలసకు, గుంటూరు మిరపచేలకు, కడప వైపు నుంచి కువైట్‌కు పిల్లలు వెళ్లిపోతుంటే, వృద్ధాశ్రమం చాలామంది పెద్దలకు ఆఖరి ఇల్లవుతోంది. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు ఉంది. పల్లెల్లో, ఆడవాళ్లలో, చదువుకోనివాళ్లలో అది ఇంకా ఎక్కువ. ఆ జబ్బుతో, పొద్దుగూకేసరికి 'ఇంటికి పోతా' అని గలాటా చేసే అవ్వది మొండితనం కాదు. దప్పికో, నొప్పో, మలబద్ధకమో, చీకటి భయమో ఆమె నోట ఆ మాటగా వస్తుంది. ముందు వెతకవలసింది ఆ కారణాన్ని. మత్తుమందు సులువే కానీ, ఇలాంటి పెద్దలకిచ్చే కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల మరణాలు పెరుగుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది.

'ఎలాగూ మరిచిపోతారు, ఓదార్చి ఏం లాభం?' అంటారు కొందరు. అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అల్జీమర్స్ ఉన్నవారికి సినిమా ముక్కలు చూపించారు. చూసింది మరిచిపోయినా, అది కలిగించిన దుఃఖం, సంతోషం వారిలో నిలిచే ఉన్నాయి. కసురు మాట కూడా అలాగే నిలుస్తుంది కదా! ఆశ్రమాల్లో పనివాళ్లు చాలరన్న మాట మాత్రం నిజం, దాన్ని కొట్టిపారేయలేను. అయినా చేరేనాడే ఊరు, చేసిన పని, ఇష్టమైన తిండి, పిలుపు రాసిపెట్టుకోవడానికి ఖర్చేముంది? సేద్యం చేసిన చేతులకు సాయంత్రం చేటలో చెనిక్కాయలు పోసి ఒలవమంటే, చాలాసార్లు ఆ గాబరా తగ్గుతుంది. మనుషుల కొరత తీర్చడం ప్రభుత్వం పని. జిల్లాకో వృద్ధాశ్రమం, కనీసం 150 మందికి చోటు అని 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం చెప్పింది. మతి తప్పిన పెద్దలను చూసుకునే శిక్షణ కూడా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.