పాత టైల్స్ తీసిన తర్వాత గోడ సంగతి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించో, ఆరోగ్యం గురించో మాట్లాడడానికి నాకన్నా తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను స్నానాల గది గోడ గురించి మాట్లాడతాను. కార్యదర్శి గారు మొదట నవ్వారు గాని, జరిగింది విన్నాక తప్పకుండా చెప్పండి అన్నారు.

మా ఇల్లు 1993లో కట్టినది. స్నానాల గదికి అప్పటి అలవాటు ప్రకారం ఆరంగుళాల తెల్ల టైల్స్, అవీ నాలుగడుగుల ఎత్తు వరకే. 2018లో మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. పాతవి తీయించి పైదాకా కొత్త టైల్స్ వేయించి, కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ పెట్టించాం. పని ఒప్పుకున్నాయన నాలుగు రోజుల్లో ముగించాడు. తొందరగా అయిందని నేనూ సంతోషించాను.

పది నెలలు తిరక్కుండానే ఒక తెల్లవారుజామున ఆవిడ కడ్డీ పట్టుకుని లేవబోతే, ఆ కడ్డీ, దానితోపాటు మూడు టైల్స్, వాటి వెనకాల ప్లాస్టరింగు పెచ్చు అన్నీ కలిసి ఊడి వచ్చాయి. కూర్చున్న చోటే మళ్లీ కూలబడింది కనుక మణికట్టు బెణకడంతో పోయింది. పక్కకు పడి ఉంటే తుంటి ఎముక సంగతి మీకు చెప్పనక్కరలేదు.

రెండోసారి పిలిచిన మేస్త్రి కాస్త వయసు మళ్లినవాడు. ఊడిన పెచ్చును తిరగేసి చూపించాడు. ఇటుకను అంటుకుని ఉన్న గుర్తే లేదు. పాత టైల్స్‌ను సుత్తి, ఉలి పెట్టి కొట్టినప్పుడు ఆ దెబ్బలకు ప్లాస్టరింగు ఇటుక నుంచి విడిపోతుంది. విడిపోయినా పడిపోదు, నిలబడే ఉంటుంది. మొదటాయన దాని మీదనే కొత్తవి అంటించాడు. టైల్ ప్లాస్టరింగును పట్టుకుంది, ప్లాస్టరింగు దేన్నీ పట్టుకోలేదు.

ఈ మేస్త్రి చేసిన మొదటి పని, ఉన్న కొత్త టైల్స్ కూడా తీసేసి, తాపీ పిడితో గోడంతా జానెడేసి దూరంలో తట్టుకుంటూ పోవడం. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, విడిచినచోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీశాడు. సగం గోడ గీతల్లోకి వచ్చింది. “ఇదంతా ఇటుక దాకా తీసెయ్యాలండీ. అతుకులేసి సరిపెట్టమంటే నా వల్ల కాదు” అన్నాడు. ఖర్చు తలచుకుని ఒక పూట ఆలోచించాను. మా ఆవిడ చేతికట్టు చూసి ఒప్పుకున్నాను.

గోడ విప్పితే ఇంకొకటి బయటపడింది. లోపలి పాత ఇనుప గొట్టం వంపు దగ్గర తుప్పుపట్టి చెమరుస్తోంది. ఆ చెమ్మ మీద ఎంత మంచి టైల్ వేసినా ఏం లాభం? గొట్టాలు మార్పించి, నీళ్లు ఒత్తిడితో నింపి ఒక రోజంతా ఉంచి, ఎక్కడా కారడం లేదని చూసుకున్నాకే గోడ మూయించాను.

మూయడమంటే ముందు ఇటుకల మధ్య సందులను సుమారు సెంటీమీటరు లోతున గీకించాలి. దుమ్మంతా బ్రష్షుతో దులిపి, గోడ బాగా తడిపి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక కలిపిన మాలుతో ప్లాస్టరింగు చేయాలి. పైన నునుపు చేయకూడదు, గరుకుగా వదిలేస్తేనే టైల్‌కు పట్టు. వారం రోజులు రోజుకు మూడు పూటలా తడిపాను. రిటైరయ్యాక హాజరుపట్టీ లేకుండా చేసిన డ్యూటీ అదొక్కటే! తరువాత మరో మూడు వారాలు ఆరనిచ్చాం. అన్నాళ్లూ మేడ మీద అద్దెకున్న వారి స్నానాల గదే మాకు దిక్కయింది. వాళ్ల ఋణం ఉంచుకోలేను.

మనలో చాలామంది ఇళ్లలో పాత టైల్స్ నాలుగడుగుల వరకే ఉంటాయి. కాబట్టి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పైభాగానికి సున్నమో, డిస్టెంపరో, రంగో ఉంటుంది. దాని మీద అంటిస్తే టైల్ రంగును పట్టుకుంటుంది, రంగు ఊడితే టైల్ ఊడుతుంది. అదంతా గీకించి, గాట్లు కొట్టించాలి. పైగా కింది నాలుగడుగులూ పై గోడా ఒకే మట్టంలో ఉండవు. పొడవాటి బద్ద నిలువుగా ఆనించి, తూకం వేసి చూస్తే తేడా తెలిసిపోతుంది. రెండు మీటర్ల బద్ద కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనిపిస్తే మాలుతో సరిచేయించాలి. టైల్ అంటించేటప్పుడు గమ్ము మందంగా పెట్టి సర్దేస్తామంటారు, ఒప్పుకోకండి. నీళ్లు పడే గోడలకు, మూలలకు వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేయించి, ఆరాకే టైల్స్ మొదలుపెట్టించండి.

ఇప్పుడొచ్చే విట్రిఫైడ్ టైల్స్ నీటిని అర శాతం కూడా పీల్చవు. సిమెంటు పాలు వాటిని పట్టవు. టైల్ అంటించే గమ్మే వాడాలి, బస్తా మీద ఐ.ఎస్. 15477 అని ఉందో లేదో చూసుకోండి.

పాతవి కొట్టేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆయాసం ఉన్నవారు ఆ రెండు రోజులు పిల్లల ఇంటికి వెళ్లిరండి. గీజరు మెయిన్ ఆపించండి, మురుగు కంతలో గోనెగుడ్డ కుక్కించండి.

ఇక కడ్డీ. ప్లాస్టరింగుకు ముందే, అది ఎక్కడ రావాలో మా ఆవిడనే కూర్చోబెట్టి గుర్తు పెట్టించాం. ఆ రెండుచోట్లా ఇటుకలో గుంట తీసి కాంక్రీటు పోయించాం. టైల్స్ కప్పేస్తే గుర్తులు పోతాయి కనుక నేల నుంచీ మూల నుంచీ కొలతలు కాగితం మీద రాసి, సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాను. మరలు సరిగ్గా ఆ కాంక్రీటులోకే దిగాయి. బిగించిన రోజు మేస్త్రి తన బరువంతా వేసి వేలాడి చూపించాడు. అయినా మా ఆవిడ రోజూ ఒకసారి గట్టిగా లాగి చూసుకున్నాకే పట్టుకుంటుంది.

ఎవరైనా ఇంట్లో ఈ పని పెట్టుకుంటే ఒక మాట చెప్పండి. వచ్చి గోడ తట్టి చూడడం వరకు నేనూ నేర్చుకున్నాను. సెలవు.