రాజు చేతిలో ధర్మశాస్త్ర ప్రతి

ఈ దినం ధ్యానం కొరకు ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం, 18 నుండి 20 వచనాలు తెరవండి.

ఇశ్రాయేలీయులకు అప్పటికి రాజు లేడు. అయినా రాబోయే రాజు కొరకు దేవుడు ముందుగానే ఒక నియమం పెట్టాడు. సింహాసనం ఎక్కినవాడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తన కొరకు వ్రాసుకోవాలి, బ్రతికినంతకాలం చదువుకోవాలి. తన సహోదరులను చిన్నచూపు చూడకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. ఇక్కడ రాజు కూడా ధర్మశాస్త్రం క్రిందే ఉన్నాడు.

అహాబు సంగతి మీకు తెలుసు. నాబోతు తన పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నాడు. రాజు ఇంటికి వెళ్లి, భోజనం మానేసి, ముఖం త్రిప్పుకొని పడుకున్నాడు. గమనించారా? అంతటి రాజుకు కూడా ఆ తోట లాక్కునే హక్కు లేదు! అప్పుడు యెజెబెలు సైన్యాన్ని పంపలేదు. తాకీదులు వ్రాసి రాజముద్ర వేసింది, ఉపవాసం చాటింపు వేయించింది, ఇద్దరు సాక్షులను నిలబెట్టించింది. ధర్మశాస్త్రం అడిగింది ఇద్దరు సాక్షులనే కదా! పైకి అంతా సక్రమమే. నాబోతు మాత్రం రాళ్ల దెబ్బలకు చనిపోయాడు.

మన దేశంలోనూ అటువంటి దినాలు వచ్చాయి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించి, ఎందరినో విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. ఆ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఐదుగురిలో నలుగురు తీర్పు చెప్పారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1977లో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి జూనియర్‌కు ఇచ్చారు, ఆయన రాజీనామా చేశారు. అయితే 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ, అత్యవసర పరిస్థితిలో సైతం ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న రక్షణను నిలిపివేయకూడదని చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును తప్పని కొట్టివేసింది. అలా వ్రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఎవరో తెలుసా? ఆ నలుగురిలో ఒకరి కుమారుడే!

"అయ్యగారూ, రోమా 13 లోబడమంటుంది కదా, మనకెందుకీ సంగతులు?" అని కొందరు అడుగుతారు. లోబడవలసిందే. అయితే ఎవరికి? మన దేశంలో ఎస్.ఐ. గారూ, ఎమ్మెల్యే గారూ, ముఖ్యమంత్రి గారూ రాజ్యాంగానికి లోబడినవారే. రోమా పత్రిక వ్రాసిన పౌలే ఫిలిప్పీలో ఏం చేశాడో చూడండి. విచారణ లేకుండా కొట్టించిన న్యాయాధిపతులు రహస్యంగా పంపేద్దామనుకుంటే, ఆయన ఒప్పుకోలేదు. వారే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకువెళ్లాలన్నాడు. వచ్చారు, బ్రతిమాలుకున్నారు కూడా.

మీ సంఘంలో ఎవరి బిడ్డనైనా పోలీసులు తీసుకువెళితే ఆ తల్లి ముందు మీ దగ్గరకే వస్తుంది. ఆమెతో మోకరించండి, తరువాత ఆమె వెంట వెళ్లండి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం కాక 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. డబ్బు లేదని ఆమె ఏడిస్తే, 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారని చెప్పండి. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.