పౌడర్ కరిగితేనే అక్షరం నిలుస్తది
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మాది కుట్టు పని చేసే సంఘం. పది మందిమి. అందులో ఆరుగురం అంతకుముందు బీడీలు చుట్టినవాళ్లమే. ఇద్దరి ఇండ్లల్ల మగవాళ్లు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో చేసేవాళ్లు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డంక వాళ్ల ఇండ్లు మిషన్ మీదనే నడుస్తున్నయి. పోయిన ఏడాది మాకు వచ్చిన నష్టాన్ని రిపోర్టులో ఒక్క లైన్‌లో రాశారు. ఆ లైన్ గురించి వివరంగా చెప్పమని అధ్యక్షురాలు అక్క అడిగింది. సిగ్గుపడకుండా చెప్తున్నాం.

ఒక ప్రైవేటు బడి వాళ్లు 120 ఆటల టీషర్టులు అడిగారు. వెనుక బడి పేరు ఉండాలన్నారు. టీషర్టులు మేమే కుట్టినం. అక్షరాలు నిజామాబాద్‌లో ఒక షాపులో ఫిల్మ్ మీద ప్రింట్ చేయించి తెచ్చుకున్నం. ఆ ఫిల్మ్ వెనుక తెల్లగా ఒక పొర ఉంటది. అదే జిగురు పౌడర్. వేడి తగిలితే కరిగి బట్టకు పట్టుకుంటది, చల్లారితే గట్టిపడతది. షాపులో ప్రెస్ చేయించుకుంటే ఒక్కోదానికి వేరే డబ్బులు. "ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉండగా ఎందుకు?" అనుకున్నం. రెండు రోజులు కూర్చొని ఇస్త్రీ పెట్టెతోనే అన్నీ అతికించినం. చూస్తే మంచిగనే ఉన్నయి. లెక్కలో మిగిలింది కూడా.

మూడు ఉతుకులకే అక్షరాల మూలలు లేచినయి. 70 దాకా వాపసు వచ్చినయి. బట్ట, ప్రింట్ మళ్లీ కొని ఇచ్చినం. పది మందిమి రెండు వారాల కూలి వదులుకున్నం. స్త్రీనిధి కిస్తీ మాత్రం ఆగలేదు, పొదుపులోంచి తీసి కట్టినం. ఒక చెల్లె "నేను మళ్లీ బీడీలకే పోత, అక్కడ ఆకుకు లెక్కన్న ఉంటది" అన్నది. ఆమెను ఏమనగలం?

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. అరిసెల పాకం అందరికీ తెలుసు కదా. పాకం లేతగా దించితే పిండి నిలవదు, ముదిరితే రాయి అవుతది. ఈ పౌడర్ కూడా అంతే. వేడి, ఒత్తిడి, సమయం మూడూ కలవాలి. మా ఇస్త్రీ పెట్టె ముక్కు దగ్గర ఒక వేడి, మడమ దగ్గర ఇంకో వేడి. ఆవిరి రంధ్రాల కింద అసలు ఒత్తిడే పడదు. పౌడర్ సగం కరిగింది, బట్ట నూలులోకి దిగలేదు. పైపైన అంటుకున్నది నీళ్లు తగిలితే లేస్తది.

తర్వాత సంఘం తీర్మానం చేసి చేతితో దించే హీట్ ప్రెస్ ఒకటి కొన్నం. దాన్ని కూడా వెంటనే నమ్మలేదు. ఫ్యాక్టరీలో చక్కెర పాకం కాచే పాన్ దగ్గర ఏండ్లు చేసిన మా అక్క వాళ్లాయన వచ్చి "ముల్లు చూపించేది ఒకటి, పళ్లెం ఉండేది ఒకటి. మూలమూలకూ కొలవండి" అన్నడు. వేడి కొలిచే గన్ తెచ్చి చూస్తే ఒక మూల నిజంగానే చల్లగా ఉన్నది. (కరోనాలో నుదుటి దగ్గర పెట్టిన గన్ దీనికి పనికిరాదు, అది జ్వరం వరకే చూపిస్తది.) ఆ మూలలో ఇప్పుడు అక్షరం పెట్టం.

ఇప్పుడు మేము చేసే తీరు చెప్తాం. కాటన్ అయితే 150 నుంచి 160 డిగ్రీలు, 10 నుంచి 15 సెకండ్లు. పాలిస్టర్ అయితే 130 దగ్గర మొదలుపెట్టి చూస్తాం, ఎక్కువైతే బట్ట మెరిసి గుర్తు పడతది. ముందుగా ఖాళీ టీషర్టును నాలుగైదు సెకండ్లు నొక్కి చెమ్మ తీస్తాం. వానకాలంలో ఇది మరిచిపోతే పని చెడినట్టే. మేము వాడే ఫిల్మ్‌ను పూర్తిగా చల్లారినంకనే లాగాలి. ఆత్రపడి వేడి మీద లాగితే అక్షరం ఫిల్మ్‌తోనే వస్తది. చివర పైన బటర్ పేపర్ వేసి ఇంకోసారి నొక్కుతాం.

పౌడర్ చల్లడం కూడా మాలో ఇద్దరం అదే షాపులో నేర్చుకున్నం. ప్రింట్ తడిగా ఉన్నప్పుడే చల్లి, ఎక్కువైంది దులపాలి. సరిగ్గా దులపకపోతే అక్షరం చుట్టూ తెల్ల చుక్కలు అంటుకుంటయి. తర్వాత వేడి చేస్తే ఉప్పు లెక్క ఉన్నది కరిగి నారింజ తొక్క లెక్క మెరవాలి. ఉప్పు లెక్కనే కనబడితే ఇంకా కాలేదన్నట్టు. డబ్బా మూత తీసి పెడితే వానకాలంలో పౌడర్ గడ్డ కడతది. వేడి చేసేటప్పుడు పొగ వస్తది, వాసన ఉంటది. అందుకని పిల్లలు పడుకునే గదిలో ఈ పని పెట్టుకోవద్దు. కిటికీ తీయాలి, మాస్కు కట్టాలి. పొగాకు దుమ్ముతో దగ్గు తెచ్చుకున్నవాళ్లం మాలోనే ఉన్నరు, ఇంకో దగ్గు అక్కర్లేదు.

సర్కారు బడి యూనిఫాం కుట్టే అక్కలకు కూడా ఇది సంబంధించిందే. కాలర్‌లో పెట్టే అతికించే బక్రం మీద చేత్తో తడిమితే గరుకుగా చుక్కలు తగులుతయి చూడండి. అవి ఇదే జాతి పౌడర్. చొక్కా బక్రానికి ఎక్కువగా పాలిథీన్ రకం వాడుతరు, టీషర్టు అక్షరాలకు వేరే రకం, పాలియూరిథేన్. వేడి తక్కువైతే నాలుగు ఉతుకులకు కాలర్ మీద బుడగలు లేస్తయి. బక్రాన్ని ఇస్త్రీ పెట్టెతో జరుపుతూ రుద్దొద్దు, ఒకచోట పెట్టి నొక్కి, ఎత్తి, పక్కన పెట్టాలి. 2024లో జతకు 75 రూపాయలు చేశారు, మంచిదే. కానీ ఒక్క కాలర్ విప్పి మళ్లీ కుడితే ఆ జతలో మనకు మిగిలేది ఏముంది?

ఇప్పుడు ఏ ఆర్డర్ వచ్చినా ముందు ఒక్క పీసు చేసి, ఒక రోజు ఆగి, ఐదుసార్లు ఉతుకుతాం. లోపలిది బయటికి తిప్పి, చల్లనీళ్లల్ల. ఉతికిన పీసును బడి వాళ్లకు చూపించి సంతకం తీసుకుంటాం. దీనికి మూడు నాలుగు రోజులు ఎక్కువ పడతది. ఒక ఆర్డర్ వాళ్లు ఆగలేమని వేరేవాళ్లకు ఇచ్చుకున్నరు కూడా. పోనీ అనుకున్నం.

మొదటి బడి వాళ్లు ఈసారి 40 టీషర్టులే అడిగారు. ఇచ్చి రెండు నెలలైంది, ఇంతవరకు ఒక్కటీ వాపసు రాలేదు. బీడీలకు పోతనన్న చెల్లె ఇప్పుడు ప్రెస్ దగ్గర సెకండ్లు లెక్కపెడతది. నేర్చుకోవాలనుకునే అక్కలు ఉతికి పారేసే పాత టీషర్టు ఒకటి వెంట తెచ్చుకొని రండి, దాని మీదనే చేయిస్తాం.